సూరమ్మత్త అడిగిన జెట్టీ ఫొటో

ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో మా పక్క రైల్వే క్వార్టర్ సూరమ్మత్త ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. భర్త పోయాక ఆమె రైల్వేలో పనిచేసే తమ్ముడి దగ్గరే ఉంటోంది. ఆయన రిటైరై జగదల్‌పూర్ వెళ్లిపోతూ ఆమెనూ రమ్మంటున్నాడు. ఆమె మనసేమో భీమిలి అవతల ఉన్న తన పల్లె మీద ఉంది. "మా జెట్టీ ఇంకా నిలబడుంటే ఊరెల్లిపోతాను. నేకపోతే అక్కడ నాకేటుంది? నువ్వెల్లి ఫొటో తీసుకురా" అంది. ఓడలొచ్చిన కాలం నాటి జెట్టీ అది. ఆమె భర్త పడవ కట్టేది దానికే. నాకూ కాలు ఒకచోట నిలవదు కనుక సరేనన్నాను.

పొద్దున్న ఆరింటికి విశాఖ పాసింజర్ ఎక్కాను. ఖనిజం గూడ్సు వచ్చినప్పుడల్లా మా బండిని పక్కన పెట్టేశారు. మా ఇంట్లో అన్నం ఉడికేది ఆ గూడ్సుల వల్లే. అయినా అరకు చేరేలోపు వాటిని తిట్టని తిట్టు లేదు. కిటికీ దగ్గర కూర్చోలేక, తలుపు దగ్గర నిలబడలేక తిరుగుతుంటే టీ అమ్మే అతను "బైఠ్ జాయియే మేడం, కూర్చోండి, మీరు నడిస్తే బండి నడవదు" అని నవ్వాడు. రాత్రికి విశాఖలో చెల్లెలింట్లో ఆగాను. మర్నాడు మధ్యాహ్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సెక్కి, అక్కణ్ణుంచి ఇరవై రూపాయల షేర్ ఆటోలో పల్లెకు చేరాను.

జెట్టీ సగం కూలిపోయి ఉంది. పైచెక్కలు పోయి, నీళ్లలో స్తంభాలు మిగిలాయి. ఈ సంగతి ఆమెకెలా చెప్పాలో తెలియక ఇసుకలో చతికిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే స్తంభాలన్నీ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, జెట్టీ మొత్తం ఉన్నట్టే కనిపించింది. అలాగే ఫొటో తీసుకెళ్లి చూపిద్దామనిపించింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఎదురుగా ఒక ముసలామె కత్తిపీట మీద చేపలు కోస్తోంది. కాస్త పక్కకు జరగమన్నాను.

ఆమె తలెత్తకుండానే "నానెక్కడికి జరగాలమ్మా? ఇది నా సోటు" అంది.

విసుక్కుంటూ ఆమెతో సహా ఒకటి తీశాను. మనసొప్పక లేచి, కూలిన వైపు కూడా తీశాను.

ఏది చూపించాలో తిరుగు ప్రయాణమంతా తేలలేదు. చివరికి ఫోనే సూరమ్మత్త చేతికిచ్చేశాను. ఆమె మొదటి ఫొటో దగ్గరే ఆగి, వేళ్లతో పెద్దది చేసుకుంది. చూస్తున్నది జెట్టీని కాదు.

"ఇది మా చిట్టెమ్మ, నా నేస్తం. ఆ కత్తిపీట నాదే. ఊరొదిలొచ్చినప్పుడు చిట్టెమ్మ దగ్గరుంచాను. ఇంకా దాంతోనే కోస్తంది."

జెట్టీ సగం పోయిందని చెప్పేశాను. పోతే పోనిమ్మంది. విశాఖ బండి పొద్దున్న ఎన్నింటికని అడిగింది.

అంత దూరం వెళ్లి నేను వెతికింది కొయ్యలను. ఆమెకు కావలసిన మనిషిని అడ్డమని విసుక్కున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మధ్యాహ్నం దాటాక వెళ్తే ఎండ మీ వెనక ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది. ముందు ఎవరైనా కూర్చుని ఉంటే మాత్రం జరగమనకండి.