కాటా తాత తీసిన తరుగు

విమానంలో చేతిపెట్టెకి ఇప్పుడు ఏడు కేజీలంటారు. మా కోడలు రెండు రోజుల ప్రయాణానికి మంచం నిండా బట్టలు పరిచి, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. "తప్పుకో తల్లీ" అని అన్నీ బయటికి తీసి మళ్లీ సర్దుతాను. చీరలు చాప చుట్టినట్టు బిగించి చుడతాను. గ్లాసులో మందుబిళ్లలు, చెప్పుల్లో మేజోళ్లు కుక్కుతాను. చివరికి ఇంకా చెయ్యి పట్టేంత చోటు మిగులుతుంది. ఎక్కడ నేర్చుకున్నారత్తయ్యా అంటుంది. బేలు ప్రెస్సులో అంటే నవ్వుతుంది. నిజం చెబితే నవ్వులాటగానే ఉంటుంది మరి.

మా నాన్న నెల్లిమర్లలో జూట్ మిల్లు పనివాడు. గోనె బట్టని ప్రెస్సులో పెట్టి నొక్కి బేళ్లు కట్టడం ఆయన పని. ఇంట్లో కూడా అదే బుద్ధి. సంచిలో కూరగాయలు అమ్మ పోసినట్టు ఉంటే ఊరుకునేవాడు కాదు, దింపి మళ్లీ పేర్చేవాడు. "గాలికి బరువు లేదు గానీ సోటు తినేస్తాదే" అనేవాడు. అమ్మకి ఆయన సొంత మేనమామ, అందుకే పెళ్లయ్యాక కూడా మావా అనే పిలిచేది.

అరవయ్యెనిమిదో, తొమ్మిదో సరిగ్గా గుర్తులేదు. నాకు పన్నెండేళ్లు. మా అక్క కలకత్తాలో రెండోసారి నీళ్లోసుకుంది. బావకి అక్కడ ఒక కంపెనీలో ఉద్యోగం. మొదటి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. మగపిల్లాడు, మూడో రోజున పోయాడు. ఆ కాన్పుకి ముందు, అక్కకి ఏడో నెల రాగానే అమ్మ సంబరం ఆపుకోలేక పాత చీరలు నాలుగు మడతలేసి చిన్న బొంత కుట్టింది. బిడ్డ భూమ్మీద పడకుండా సూది పట్టకూడదని మా వైపు పట్టింపు. పిల్లాడు పోయాక వీధిలో ముసలమ్మలు పరామర్శకి వచ్చి ఆ మాటే అన్నారు. ఎంత పాడు నోళ్లో! అమ్మ ఆ బొంత మడిచి అటక మీద పడేసింది. అక్క మళ్లీ కడుపుతో ఉందని ఉత్తరం వచ్చిన నాటి నుంచి సూది ముట్టుకోలేదు. నా జాకెట్టు హుక్కు ఊడిపోతే అన్ని నెలలూ పిన్నీసుతోనే తిరిగాను.

ఈసారి మంచం దిగొద్దన్నారు డాక్టర్లు, అక్క పుట్టింటికి రాలేదు. తొమ్మిదో నెలలో అమ్మే మెయిలెక్కి వెళ్లాలనుకుంది. ఇంతలో వానలు పడి ఎక్కడో పట్టాలు కొట్టుకుపోయాయి, రైళ్లు ఆగిపోయాయి. ఆ మూడో రోజున టెలిగ్రాం. మిల్లు గుమస్తా చదివి చెప్పాడు: అక్కని ఆసుపత్రిలో చేర్చారు, బావ కంపెనీవాళ్లు అమ్మకి విమానం టిక్కెట్టు ఏర్పాటు చేశారు, చేత్తో పట్టుకునే పెట్టె ఒక్కటే తేవాలి, పది కేజీలు మించకూడదు.

అమ్మ తీసుకెళ్లాలనుకున్నవి చూస్తే రెండెడ్ల బండి చాలదు. బాలింత కాయం డబ్బా, శొంఠి, వాము, పాత చింతపండు, ఒళ్లు రుద్దడానికి నువ్వుల నూనె, ఇత్తడి చెంబు, పొత్తిగుడ్డలకి నాన్న పాత పంచెలు. పంచెలు కత్తిరించలేదు, అలాగే మడిచింది. ఆ పైన తన చీరలు.

నాన్న ఎవరినో అడిగి చిన్న తోలుపెట్టె తెచ్చాడు. బట్టలన్నీ మడతలేసి, పైన పలక వేసి, పలక మీద తిరగలి రాయి పెట్టి ఒక రోజంతా ఉంచాడు. మర్నాటికి అవి అట్టల్లా అయ్యాయి. చెంబులో శొంఠి పోసి, ఆ సందుల్లోకి వాము పోశాడు. నూనె సీసాని పంచెల మధ్య పడుకోబెట్టాడు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. చివరికి మోకాలు ఆనించి మూత వేసి, నారతాడుతో బిగించి కట్టాడు. కట్టాక పెట్టె మీద తట్టి, "సూడండి, సీమ దూరదు" అన్నాడు.

తూకానికి గోగునార కొనే గిడ్డంగికి మోసుకెళ్లాం. అక్కడ నలభై ఏళ్లుగా కాటా వేస్తున్న తాత ఉండేవాడు. కాటా బల్ల మీద పెట్టె పెట్టగానే ఒక్క చూపు చూసి, "పది!" అని కేకేశాడు. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆయన లెక్క తప్పలేదు మరి.

మర్నాడు విశాఖపట్నం విమానాల స్టేషన్లో పెట్టెని తూచిన బాబు మాత్రం పన్నెండున్నర అన్నాడు. నాన్న దెబ్బలాటకి దిగాడు. మీ కాటా దొంగకాటా అన్నాడు. ఆ బాబు విసుక్కోకుండా, మీరు ఎక్కడ తూయించారని అడిగాడు. నార గిడ్డంగిలో అని చెబుతూ చెబుతూనే నాన్న నాలుక్కరుచుకున్నాడు. రైతులు తెచ్చిన నారకి తడికింత, కట్టుతాడుకింత తరుగు తీసేసి మిగిలిందే కేకేయడం తాత అలవాటు. నలభై ఏళ్ల నోరు, మా పెట్టెకి కూడా తరుగు తీసేసింది!

"పోనీ సామాన్లలో వేస్తాం, దిగాక తీసుకోవచ్చు" అన్నాడు ఆ బాబు.

అమ్మ పెట్టె వదల్లేదు. "నాకాడ బాస లేదు బాబూ. అక్కడ పెట్టె కోసం ఎవుల్ని అడగను? దిగీసరికి నా పిల్ల ఎలాగున్నాదో ఏటో. ఇక్కడే తీసెయ్యాల్సింది తీసేత్తాను" అని నేల మీద చతికిలబడి తాడు విప్పబోయింది.

నాన్న గబుక్కున అడ్డం వచ్చాడు. "నువ్వు తప్పుకో. నేను తీత్తాను."

"నీ కంగారేటి మావా?" అంటూ అమ్మ మూత తీసింది. రెండు చీరలు ఎత్తింది. వాటి కింద, అట్టలా అణిగిపోయి, ఆ బొంత.

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు శకునం, సూది, ముసలమ్మల మాటలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇప్పుడు అమ్మ వెళ్లనంటుందేమో, అక్క అక్కడ ఒక్కర్తే ఉంటుందేమో అని భయమేసింది.

"ఇదెందుకు ఎట్టినావు?" అంది అమ్మ.

నాన్న నేల చూపులు చూశాడు. "అది సచ్చినోడిది కాదే. ఆడు కప్పుకోనే లేదు. నువ్వు కుట్టినావు, అటకెక్కించినావు, అంతే. ఇన్నాళ్లూ అది ఎవుల్దీ కాకుండా ఉన్నాది." బొంత మీద చెయ్యేసి, "బరువైతే తీసెయ్. కేజీ ఉంటాది" అన్నాడు.

"దాన్ని ముట్టుకోకు" అంది అమ్మ.

తన చీరలు ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టింది. నాలుగూ అయిపోయాయి. చెంబు బోర్లించి, శొంఠీ వామూ ఒక గుడ్డలో మూటగట్టి, చెంబు కూడా నాకే ఇచ్చింది. పెట్టెలో తనది ఒక్క పోగు కూడా మిగల్లేదు. కట్టుకున్న చీరతో, చేతిలో ఆ పెట్టెతో వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. బస్సులో నెల్లిమర్ల దాకా అమ్మ చీరల్లో ముఖం పెట్టుకుని నేను ఏడుస్తూనే ఉన్నాను.

తొమ్మిదో రోజున టెలిగ్రాం వచ్చింది. ఆడపిల్ల, రెండున్నర కేజీలు, తల్లీ పిల్లా క్షేమం. అయినా నాన్న నవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు దాటాలి కదా. ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. పదకొండో రోజు పురుడు చేశారట. పిల్ల ఆ బొంతలో తప్ప నిద్రపోవడం లేదని అమ్మ చెప్పి రాయించింది.

ఆ ఉత్తరం పట్టుకుని నాన్న నేరుగా గిడ్డంగికి నడిచాడు. వెనకే నేను. జరిగింది విన్నప్పటి నుంచి తాత మాకు ముఖం చూపించలేక తిరుగుతున్నాడు. నాన్నని చూసి లేచి నిలబడ్డాడు.

"మనవరాలు తాతా. రెండున్నర కేజీలు."

తాత భయంభయంగా అడిగాడు. "తరుగు తీసేనా?"

"తియ్యకుండానే. దాన్లో తరుగు లేదు తాతా" అన్నాడు నాన్న. అంటూనే ఆ కాటా బల్ల మీదే కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. నార తూయించడానికి వచ్చిన రైతులు, ఆయన లేచేదాకా మోపులు నెత్తినే ఉంచుకుని నిలబడ్డారు.