చూసినవాళ్ళ పుస్తకంలో నా పేరు

దఫ్తరు తాత పోయాడు. మొన్న పొద్దున నేను కొట్టు తెరుస్తుంటే కచేరి జవాను వచ్చి, "సేట్, మీ ముసలాయన కాలం జేసిండు. ఆయనకు ఎవరున్నరో, ఎవరికి కబురు పంపాలెనో నీకేమన్న ఎరుకనా?" అని అడిగాడు. మూడేళ్ళు నా కొట్టు అరుగు మీద కూర్చున్న మనిషికి ఎవరున్నారో నేనెన్నడూ అడగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. చంద్రపూర్‌లో, మా నోటికింకా చాందాయే, బజారంతా ఆయన్ను దఫ్తరు తాత అనే పిలిచేది. మా రాజురా తాలూకాను ఆదిలాబాద్ జిల్లా నుంచి తీసి ఇటు మరాఠీ రాజ్యంలో కలిపినప్పుడు, మా ఊళ్ళ పాత భూమి కాగితాలను ఎర్రగుడ్డల బస్తాలుగా మూటగట్టి లారీల మీద ఇక్కడి కచేరికి తెచ్చారు. అన్నీ ఉర్దూలో ఉన్నాయి. చదివే మనిషి కావాలని ఈయన్నూ పంపారు. "బస్తాలన్ని ఎక్కిచ్చినంక ఆఖర్న నన్ను ఎక్కిచ్చిన్రు" అని నవ్వేవాడు.

అంగడి నాడు కచేరి గేటు దగ్గర నిలబడి ఊళ్ళ పేర్లు పిలిచేవాడు. "ఓ లక్కడ్‌కోటోళ్ళూ! మీ ఊరి కాగితాలు లోపల్నే ఉన్నయ్. వచ్చి చూస్కోన్రి!" కచేరి పిలిచిందంటే మా వాళ్ళకు కోర్టు సమన్లు వచ్చినట్టే కదా, గంపలు నెత్తికెత్తుకొని అక్కణ్ణుంచి పరుగో పరుగు. నేను కొట్లో కూర్చుని పడీపడీ నవ్వేవాణ్ణి.

నా దగ్గర బెల్లం కొంటే, పొట్లం విప్పి ముందు కాగితం చదివేవాడు. ఒకసారి అట్లా విప్పితే అదొక పాత పట్టా. కోర్పనా వైపు రైతు ఒకడు, రాజ్యం మారింది గనుక పాత పట్టాలు చెల్లవనుకొని కట్టకు కట్టే నాకు రద్దీకి, చిత్తుకాగితాల లెక్కన అమ్మాడు. నేనూ అట్లాగే అనుకొని పొట్లాలు కట్టాను. తాత ఆ కాగితాన్ని తడిగుడ్డతో మెల్లగా తుడిచి, "ఏంది బిడ్డా గిది? మారింది గోడ మీది బోర్డు. పొలం జాగ మారిందా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. మిగిలిన కాగితాలు తీసిచ్చాను. వాటిని పట్టుకొని తాత ఆ రైతు ఊరికి నడిచి వెళ్ళాడు.

కాగితాలు చూసినవాళ్ళు సంతకం పెట్టేందుకు ఒక పుస్తకం పెట్టాడు. అది దాదాపు ఖాళీగానే ఉంటోందని పైఅధికారికి కోపం. ఎండాకాలం దాకా ఎవరూ రాకపోతే ఆ కాగితాల గది ఖాళీ చేయిస్తానన్నాడట.

"నువ్వన్న రారాదు? మీ తాత ఏలిముద్ర ఉంది అండ్ల. చూపిస్త."

"వస్త తాతా, గీ అంగడి కానియ్."

"సరే, పేరు రాసి పెడుతున్న."

ఆ తర్వాత ఎన్ని అంగళ్ళు అయ్యాయో! అరుగు మీద కూర్చుని ఆయన మళ్ళీ అడిగేవాడు, నేను మళ్ళీ వస్తాననేవాణ్ణి. నా కొట్టుకూ కచేరికీ నడుమ ఉన్నది ఒక్క రోడ్డే. నా బద్ధకానికి చెప్పు తెగ!

ఆయనవాళ్ళెవరి జాడా దొరక్క, బజారువాళ్ళం నలుగురమే ఆయన్ను మోశాం. మర్నాడు కచేరికి వెళ్ళాను. పుస్తకంలో ఏడెనిమిది పేర్లే ఉన్నాయి. చిట్టచివరిది నాది. నేను చదువుకోగలగాలని తెలుగులో రాశాడు, పక్కన సంతకం గడి ఖాళీగా వదిలాడు. సంతకం పెట్టాను. "ఒకరు వచ్చారని పైకి రాస్తాను" అన్నాడు అక్కడి గుమాస్తా మరాఠీలో. ఒకరితో ఆ గది నిలవదు. ఇది చదివేవాళ్ళలో మా తాలూకా వాళ్ళుంటే, మీ ఊరి బస్తా అక్కడే ఉంది, వెళ్ళి అడగండి.

గుమాస్తా మా ఊరి మూట తెచ్చి విప్పాడు. అతనికి ఉర్దూ రాదు, నాకూ రాదు. పుటపుటకూ వేలిముద్రలు, ప్రతి ముద్ర పక్కనా ఒక పేరు. వాటిలో మా తాతది ఏదో ఒకటి. ఇదిగో ఇదీ అని వేలు పెట్టి చూపించే మనిషి లేడు. గుమాస్తా తన పనికి వెళ్ళిపోయాడు. నేను ఒక్కో ముద్ర మీదా వేలు ఆనించి చూసుకుంటూ, కచేరి మూసేదాకా కూర్చున్నాను.