చేప లోపలి ఎర్ర పట్టీ

మా నాయిన చానా ఏండ్లు బొంబాయిల బిల్డింగు పనులకు పోయెటోడు. మోకాళ్లు మొరాయించినంక మా ఊరు వీపనగండ్లకు తిరిగొచ్చి చేపల బేరం మొదలుపెట్టిండు. తెల్లారంగనే జూరాల డ్యాం కాడికి పోయి బొచ్చె, రవ్వ చేపలు తెచ్చి వనపర్తిల అమ్మెటోడు. నేనప్పుడు గద్వాలల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతుంటి. సెలవు దొరికితే నాయిన పక్కన కూసొని పొలుసు గీకేదాన్ని.

ఒక ఆదివారం ఒకామె పొద్దుగాల కొన్న చేపను మధ్యాహ్నం తిరిగి తెచ్చింది. "వాసనొస్తుంది, నిన్నటిది అంటగడ్తవా?" అని అందరి ముందట లొల్లి చేసింది. నాయిన ఒట్టు పెట్టుకున్నడు. ఎవ్వరు నమ్మలె. ఆ రోజు ఆయన అన్నం సుత తినలె.

అదే వారం కాలేజీల మా జువాలజీ మేడం ఒక రవ్వ చేపను అడ్డంగ కోయించింది. తెల్లటి కండకు రెండు పక్కల, తోలు కిందనే, ముదురు ఎర్ర పట్టీ. "దినమంత అలుపు లేకుండ ఈదనీకి ఈ ఎర్ర కండ. దీంట్ల నెత్తురు, కొవ్వు ఎక్కువ. ఒక్క ఉదుటున దుంకి తప్పించుకోనీకి తెల్ల కండ" అని మేడం చెప్పింది. "చచ్చినంక ఈ రెండు ఒక్కతీరుగ పాడుగావు. ఎర్రదాంట్ల కొవ్వుకు గాలి తగిలి ముందుగాల వాసన పడ్తది."

ఆ ఆదివారం చేప కండ్ల ముందట మెదిలింది. అది నిన్నటిది కాదు, ఎర్ర పట్టీనే వాసన పట్టింది!

శనివారం భుజం మీది బ్యాగు దించకముందే అరిచిన. "నాయినా, చేపల రెండు తీర్ల మాంసం ఉంటది!"

"ఏంది, నాటుకోడి తొడ, రొమ్ము లెక్కనా?"

"గట్లనే!"

ఆయన అప్పటికప్పుడు ఒక బొచ్చెను కోసిండు. సగం ముక్కలకు ఎర్ర పట్టీ తీసేసినం, సగం అట్లనే ఉంచినం. ఒకే ఐసు పెట్టెల రెండు గిన్నెలు పెట్టినం. వాసన చూసేది మా అమ్మ, కండ్లకు కొంగు కట్టుకొని. మధ్యాహ్నం అడిగితే "రెండు ఒక్కటే" అన్నది. మర్నాడు పొద్దున మళ్ల ముక్కు పెట్టి, "గిది మంచిగుంది. గిది జర పాత నూనె వాసన కొడ్తుంది" అన్నది. గిన్నెలు మార్చి పెట్టినం. మళ్ల సరిగ్గ పట్టీ ఉన్నదాన్నే దూరం జరిపింది. నేను ఎగిరి గంతేసిన. నాయిన చప్పట్లు కొట్టిండు. అమ్మ కొంగు లాగేసుకొని, "ఏమాయె? నేను ఏం గెలిచిన? చెప్పుండ్రి!" అని గుంజులాట.

పట్టీ సంగతికి నాయిన ఒప్పుకున్నడు. మేడం చెప్పిన ఇంకొక సంగతికే ఒప్పుకోలె. కొట్టుకొని కొట్టుకొని చచ్చిన చేపకు తెల్ల కండల ఉన్న సత్తువంత అయిపోతది, తొందరగ బిగుసుకుంటది, తొందరగ మెత్తబడ్తది. అందుకని నీళ్లకెళ్లి తీయంగనే తల మీద ఒక్క దెబ్బేసి ఐసుల పెట్టాలని నేనన్న.

"ఎగిరెగిరి పడే చేపను చూస్తెనే బేరమైతది బిడ్డా. చచ్చినదాన్ని చూపిస్తే ఎవరొస్తరు?"

"పాన్‌గల్ విందుకు పోయే చేపలకైనా ఒక్కసారి చేసి చూడు నాయినా."

పాన్‌గల్ల ఒక ఇంట్ల కొత్తిల్లు కట్టుకొని కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకున్నరు. ఊరందరికి చేపల పులుసు. అంత పెద్ద పని మాకు అదే మొదలు. నాయిన గొణుక్కుంటనే చెప్పినట్టు చేసిండు. దెబ్బ, ఐసు, కోత, పట్టీ తీసుడు. నేను ముక్కలు కడిగి, ఒక వరుస ముక్కలు, ఒక వరుస ఐసు పరిచిన.

ఎండలు మండుతున్నయి. ప్రార్థన అయిపోయినంకనే పొయ్యి మీద పెట్టాలన్నరు. ఒక పాట అయితే ఇంకో పాట, దేవుని మేలు చెప్పే ఒక సాక్ష్యమైతే ఇంకో సాక్ష్యం. ఐసు నీళ్లై కారుతుంటే నేను పరేషాన్ అయి ఊర్లె దొరికినకాడికి ఇంకింత ఐసు తెచ్చి పోసిన. ప్రార్థనల కండ్లు మూసుకున్న గని దేవునికి ఏం చెప్పిన్నో నాకే తెల్వదు.

ఆఖరికి వంటామె పెట్టె మూత తీసింది. ఒక ముక్క తీసి వేలితో నొక్కింది. గుంట పడలె, కండ గట్టిగ మళ్లొచ్చింది. ముక్కు కాడ పెట్టుకొని, "ఇప్పుడే పట్టుకొచ్చిండ్రా ఏంది?" అన్నది.

నాయిన ముఖం చూడాలె! పులుసు ఉడుకుతున్నంత సేపు ఆమెను వదలలె. తన తొడ చరుచుకుంట, "ఇది ఎర్ర కండ", ముంజేయి ఊపుకుంట, "ఇది తెల్ల కండ" అని పాఠం చెప్పుడే. ఎక్కడ తప్పు చెప్తుండో నాకు తెలుస్తుంది గని, ఆయన సంబురం ముందట నోరు తెరవబుద్ధి కాలె. బంతిల కూసున్నోళ్లు మారు మారు అడిగిండ్రు. ఆఖరి గిన్నెను వంటామెనే ఊడ్చుకొని తిన్నది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద, గాలికి వినబడాలని నాయిన అరిచిండు.

"బిడ్డా, కొర్రమీనుల ఎర్రది ఎంత ఉంటది?"

"తెల్వదు నాయినా!"

"నాకు గూడ తెల్వదు! రేపు ఒకటి కోసి చూద్దం పా!"