ఓవర్ల మధ్య మంచినీళ్ళు

కేబుల్ మావయ్య పోయారని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను పెదపారుపూడి బడిలో ఆరో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదట. "బాధేం పడలేదే, అదొక్కటీ దేవుడి దయ" అంది అమ్మ. ఫోన్ పెట్టేశాక ఏడుస్తాననుకున్నాను. ముందు మాత్రం గుండెల్లోంచి ఒక పెద్ద ఊపిరి వచ్చింది. హమ్మయ్య, అడగాల్సింది అడిగేశాను, అనుకున్నాను. అంత ఇష్టమైన మనిషి పోయిన కబురు విని అలా అనుకోవడం తప్పేమో నాకు తెలియదు. ఎందుకలా అనుకున్నానో చెబితే ఆయనెవరో కూడా మీకు తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊరికి మొదటిసారి డిష్ తెచ్చి, ఇంటింటికీ కేబుల్ లాగిన మనిషి. అందుకని పిల్లలందరికీ కేబుల్ మావయ్య. ఎవరింట్లో బొమ్మ సరిగా రాకపోయినా భుజాన వైరు చుట్ట వేసుకుని సైకిల్ మీద వచ్చేవారు. వచ్చీ రాగానే టీవీ వైపు చూసేవారు కాదు. "ముందు మంచినీళ్ళియ్యమ్మా" అనేవారు. మొదటి గుక్క మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకునేవారు. తర్వాత మింగి, "మీ నీళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి" అనో, "మీకూ వచ్చేసిందమ్మా ఉప్పు" అనో చెప్పి అప్పుడు నిచ్చెన వేసేవారు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటీ రొయ్యల చెరువులు అయిపోతున్నాయి. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలన్నీ పట్టేశాక, ఆ ఉప్పునీళ్ళని దగ్గర దారని పంట కాలువలోకి వదిలేసేవారు. మా ఊళ్ళో తాగేది ఆ కాలువ నుంచి నింపుకునే మంచినీళ్ళ చెరువు నీళ్ళే. రోజూ అవే తాగేవాళ్ళకి తేడా తెలియలేదు. రోజుకి పది ఇళ్ళలో తాగే మావయ్యకి తెలిసింది. "గబగబా తాగితే అన్ని నీళ్ళూ ఒకటే అమ్మాయ్. ఒక్క గుక్క నాలిక మీద ఆపి చూడాలి" అనేవారు.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను పాఠం పైకి చదివితే తప్ప అమ్మకి చదువుతున్నట్టు నమ్మకం కుదిరేది కాదు. నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు మా ఇంటి ముందు స్తంభం మీద వైరు కడుతూ మావయ్య నా చదువు విన్నారు. పైనుంచే కేక వేశారు.

"ఏమ్మాయ్, నీ గొంతుకి డిష్ కూడా అక్కర్లేదే! టీవీలో మాట్లాడతావా?"

"పోండి మావయ్యా, వేళాకోళం."

"వేళాకోళం కాదే. మంచినీళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నా మొహం చూపిస్తే ఛానల్ మార్చేస్తారు."

క్రికెట్ వచ్చిన రోజున ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య మావయ్య ఒక మీట మార్చి మన ప్రకటనలు వేసేవారు. బందరు చీరల కొట్టు, గుడివాడ ట్యుటోరియల్, అవనిగడ్డ ఎరువుల కొట్టు. ఊరంతా టీవీల ముందు కూర్చునేది ఆ రోజే కాబట్టి నీళ్ళ సంగతి కూడా అప్పుడే వేయాలని ఆయన ఆలోచన. పెళ్ళి వీడియోలు తీసే ఆయన్ని బందరు నుంచి తీసుకొచ్చారు. నేను యూనిఫారం వేసుకుని, గ్లాసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాను. కాగితం మీద ఉన్నది మూడే వాక్యాలు: "ఇవి మా చెరువు నీళ్ళు. వీటిలో ఉప్పు కలుస్తోంది. రొయ్యల చెరువుల నీళ్ళు పంట కాలువలోకి వదలకండి."

మూడూ చెప్పేశాను. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది. ఏదో వెలితిగా అనిపించింది. గ్లాసు ముందుకు చాపి, "నమ్మకపోతే వచ్చి ఒక్క గుక్క తాగి చూడండి. మా ఇల్లు చర్చి వెనకాల రెండోది" అనేశాను. కెమెరా ఆయన నవ్వాడు. నేను సిగ్గుపడి లోపలికి పరిగెత్తాను. ఆ ముక్క తీసేస్తారులే అనుకున్నాను.

తీయలేదు. పాకిస్తాన్‌తో వన్డే. మావయ్య ఇంటి అరుగు మీద కలర్ టీవీ ముందు ముప్పైమందిమి ఉన్నాం. ఓవర్ అయింది, బొమ్మ మారింది, నేను కనిపించాను. అందరూ నన్ను చూసి ఈలలు. మూడు వాక్యాలూ అయ్యాయి. టీవీలో నేను గ్లాసు ముందుకు చాపి, మా ఇంటి గుర్తులు చెబుతూనే ఉన్నాను. మళ్ళీ ఆట వచ్చేసరికి తర్వాతి ఓవర్ మొదటి బంతి అయిపోయింది, మన బ్యాట్స్‌మన్ బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు.

అందరూ లోపల మీట దగ్గరున్న మావయ్య వైపు తిరిగారు. తర్వాత మొదలైంది.

"ఏమయ్యా, ఎట్టా అవుటయ్యాడు?"

"రీప్లే నాలుగుసార్లు చూపిస్తాడు, కాస్త ఓపిక పట్టండి" అన్నారు మావయ్య కిటికీలోంచి.

"రీప్లే చూసుకోడానికా నీ కేబులు? ఆటలో ఈ నీళ్ళ గొడవేంటి?"

"చీరలు చూపిస్తే కిక్కురుమనరు. పిల్ల మంచినీళ్ళు అడిగితే ఆట పాడైపోయిందా?"

"చీరలవాడు వికెట్ తియ్యలేదయ్యా!"

ముప్పైమందీ ఘొల్లుమన్నారు. కానీ ఆ సాయంత్రానికి అది నవ్వులాట కాకుండా పోయింది. పక్క ఊళ్ళకి కూడా పాకింది. క్రికెట్‌లో ఇలాంటివి వేయొచ్చా వేయకూడదా అని టీ కొట్టు దగ్గర రెండు జట్లయ్యారు. పేపరు జిల్లా పేజీలో ఎవరో చిన్న వార్త రాశారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో కూడా మావయ్య అదే వేశారు. ఈసారి ఓవర్ల మధ్య ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు, మళ్ళీ బంతి పోతుందేమో చూద్దామని. అలా నా నాలుగు ముక్కలూ ఊరందరికీ కంఠతా వచ్చేశాయి. నేను బజారుకి వెళితే చాలు, "చర్చి వెనకాల రెండోది" అని వెనకనుంచి వినబడేది.

అసలు భయం మా ఇంట్లో ఉంది. మా నాన్న ఆ రొయ్యల చెరువుల మీదే కాపలా మనిషి. ఆ సంగతి ఆలోచించేంత వయసు నాకు లేదని ఇప్పుడంటే చెప్పుకోగలను. మూడో రోజు చెరువుల ఆసామి మా గుమ్మంలోకి వచ్చాడు. "నీ కూతురేనా?" అన్నాడు. నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను తలుపు వెనక ఉన్నాను. అప్పుడే సైకిల్ బెల్లు వినబడింది.

"ఆ పిల్లకేం తెలుసండీ? నేను రాసిచ్చింది చదివింది" అన్నారు మావయ్య.

"ఇంటికొచ్చి తాగమనడం కూడానా?"

"ఇంటి గుర్తులతో సహా నేనే రాశానండీ. ఏదైనా ఉంటే నాతో చూసుకోండి."

అది నిజం కాదని ఆ గుమ్మంలో నాకూ మావయ్యకీ తెలుసు. నేను బయటికి రాలేదు. నోరు విప్పలేదు. నాన్న పని పోకుండా నిలబడింది.

తర్వాతి వారం ఎమ్మార్వో గారు జీపులో వచ్చి, "చర్చి వెనకాల రెండో ఇల్లు ఇదేనా?" అని అడిగారు. అమ్మ కొంగు సర్దుకుని గ్లాసు ఇచ్చింది. ఆయన సగం తాగి, మొహం చిట్లించి, మిగతా సగం పక్కనున్న గుమాస్తాకిచ్చి తాగమన్నారు. ఆ ఎండాకాలం లోపల రొయ్యల చెరువుల నీళ్ళు కాలువలోకి రాకుండా విడిగా డ్రైనులోకి తిప్పారు. మా చెరువు తోడించి కొత్తనీళ్ళు పెట్టారు.

ఊరికి నీళ్ళు వచ్చాయి. మావయ్యకి కేబుల్ పోయింది. చెరువులవాళ్ళ ఇళ్ళన్నీ ఆయన వైరు పీకేశాయి. రొయ్యల మేత కొట్లు ప్రకటనలు మానేశాయి. వాళ్ళే ఇంకొకాయన్ని తీసుకొచ్చి ఇంకో డిష్ పెట్టించారు. రెండేళ్ళకి మావయ్య తన సామానంతా అమ్మేసి, అరుగు మీద ఫ్యాన్లూ రేడియోలూ బాగుచేసుకుంటూ కూర్చున్నారు. నేను గుడివాడలో డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి వచ్చి ఆ అరుగు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే అడుగులు బరువయ్యేవి. నా మాట అంత పొడుగు లేకపోతే బంతి పోయేది కాదు. బంతి పోకపోతే గొడవ లేదు. నేను తలుపు వెనకనుంచి వచ్చి ఉంటే ఆ నింద ఆయన ఒక్కరి మీద పడేది కాదు. ఇదంతా ఆయన నన్ను చూసినప్పుడల్లా అనుకుంటూ ఉంటారని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆయనేమో, "టీచరమ్మ వచ్చిందే, కుర్చీ వెయ్యి" అని అత్తయ్యని కేకేసేవారు. నేనింకా టీచర్ని కాకముందు నుంచీ అదే పిలుపు.

పోయిన నెల వెళ్ళాను. గుండె జబ్బుతో బాగా తగ్గిపోయారు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఏళ్ళ తరబడి లోపల దాచుకున్న మాట ఎట్టకేలకు బయటికి వచ్చింది.

"మావయ్యా, ఆ చివరి మాట నాది. మీరు రాయలేదు. నా వల్లే మీకు ఇదంతా."

ఆయన నా వైపు వింతగా చూశారు. "నీదని నాకు తెలీదా ఏంటే? కాగితం రాసింది నేనేగా!"

"మరి తీసేయించాల్సింది."

"బందరులో మిక్సింగ్ దగ్గర కెమెరా ఆయన తీసేస్తానన్నాడు. ఐదు నిమిషాల పని. వద్దన్నాను. గడియారం పెట్టుకుని మరీ చూశాను, ఓవర్ దాటిపోతుందని తెలుసు. నేను రాసిన మూడూ ఎవరైనా రాస్తారు. రమ్మని పిలిచింది నువ్వొక్కదానివే."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయనకి నవ్వొచ్చి, నవ్వుతో దగ్గొచ్చింది.

"వికెట్ పడుతుందని మాత్రం నాకు తెలీదే తల్లీ. ఆ తప్పు నాదీ కాదు, నీదీ కాదు. వాడు సరిగ్గా ఆడొద్దూ!"

అత్తయ్య లోపల్నుంచి, "ఇన్నేళ్ళూ ఇదా పిల్లా నీ మనసులో? మా ఆయన ఆ క్యాసెట్టు వచ్చినవాళ్ళందరికీ వేసి చూపించి, మెషిను అమ్మేశాక కూడా బీరువాలో దాచుకున్నాడు" అంది. తర్వాత నాకు కుర్చీ వేయలేదని ఆయన్నే తిట్టింది.

ఆ రోజు బస్సెక్కి వస్తుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఇంకో నెల బద్ధకించి ఉంటే ఏమయ్యేది? అమ్మ ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందుగా వచ్చిన ఊపిరి అదీ.

నిన్న ఆయన జ్ఞాపకార్థం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక. పందిట్లో ప్రార్థన అయ్యాక భోజనాలు పెట్టారు. నేనూ మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వరసలో తిరిగాను. చెరువుల ఆసామి కూడా వచ్చాడు, ముసలివాడయ్యాడు. గ్లాసు చాపాడు, పోశాను. ఎత్తి గటగటా తాగేసి, ఇంకా కావాలన్నట్టు మళ్ళీ చాపాడు. పందిరి నిండా అందరూ అలాగే తాగుతున్నారు. మాటల మధ్య, ముద్దల మధ్య, చూసుకోకుండా, ఒక్కరు కూడా నాలిక మీద ఆపకుండా.

వరస చివరికి వచ్చాక జగ్గులో కొంచెం మిగిలింది. నేనొక గ్లాసులో పోసుకుని మొదటి గుక్క మింగకుండా అలాగే నిలబడ్డాను.