తడి గోనె తీసిన రోజు

2003 ఏప్రిల్ 22, మంగళవారం. ల్యాబులో ఉన్నవారు: ప్రొఫెసరు గారు, బయటి నుంచి వచ్చిన కమిటీ సభ్యులు ఇద్దరు, అటెండరు నబీసాబ్, నేను. కుళ్లాయమ్మ సెలవు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద గంటగంటకూ గది వేడి, కమిటీ వాళ్లు అడిగిన ప్రశ్నలు, కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, అన్నీ ఉన్నాయి. డైరీలో ఎన్నడూ అబద్ధం రాయలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. నిజమే. ఆ పేజీలోనూ అబద్ధం లేదు. ఉండాల్సిన ఒక్క వాక్యం లేదు. అంతే.

ఆ రాయని వాక్యం ఇరవై ఏళ్లకు పైగా నా గుండెల మీద ఉంది. మొదట్లో చిన్న రాయిలా ఉండేది. వయసుతోపాటు అది కూడా పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ని. అందుకే మీకు చెబుతున్నాను.

అనంతపురం శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను టెక్నీషియన్ని. ఫర్నేసు నా చేతి కింద ఉండేది. మా ప్రొఫెసరు గారు పటాలు గీసే పాత ప్లాటరుకు సిరంజి బిగించి ఒక మిషను తయారు చేశారు. తెల్లటి అల్యూమినా పొడిని బంకతో, నీళ్లతో కలిపి ముద్ద చేసి సిరంజిలో నింపితే, అది జంతికల గొట్టంలో సన్న కారాలు ఒత్తినట్టు దారం తీసి, వరస మీద వరస పేర్చి వస్తువును లేపుతుంది. అచ్చు అక్కర్లేదు. అలా లేచిన వస్తువు పచ్చిది, వేలితో నొక్కితే నలుగుతుంది. దాన్ని ఆరబెట్టి, బంక కాలిపోయేదాకా మెల్లగా కాచి, తర్వాత పదహారు వందల డిగ్రీలకు తీసుకుపోతే, పొడి కరగకుండానే రేణువుకు రేణువు అతుక్కొని రాయి కన్నా గట్టిదవుతుంది. సింటరింగ్ అంటారు.

మేం చేయదలచింది ఒక నాజిల్. తాడిపత్రిలో బండలు కోసే చోట దుమ్ము అణగడానికి నీళ్లు చిమ్మాలి. ఇనుప నాజిళ్లు రాతిపొడికి అరిగిపోయేవి. లోపల మూడు దారులు మెలిక తిరిగి ఒక నోట కలిసే నాజిల్‌ను సిరామిక్‌తో చేస్తే చాలాకాలం వస్తుందని ప్రొఫెసరు గారి ఆశ.

ముద్ద కలపడానికి తాత్కాలికంగా తీసుకున్న మనిషి కుళ్లాయమ్మ. బెళుగుప్ప దగ్గర కుమ్మరి ఇంటి ఆడపడుచు. పదో తరగతి చదివింది. అప్పటికి ముప్పై దాటలేదు. ముద్దను రెండు వేళ్ల మధ్య సాగదీసి "ఇంకో గుక్కెడు నీళ్లు పడతాయి సారూ" అంటే అంతే పట్టేవి. పచ్చి వస్తువును కింద పెట్టిన పలకతో సహా ఎత్తి చెంపకు ఆనించుకునేది. చల్లగా ఉంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు. చల్లదనం పోతే ఆరినట్టు. వాళ్ల అవ్వ నేర్పిందట.

మా ఊరి ఎండ, మా ఊరి గాలి మీకు తెలియకపోవచ్చు. చైత్రంలో ఆరేసిన పంచె మడత పెట్టేలోపే బిరుసెక్కుతుంది. అలాంటి గాలికి పచ్చికుండను పెడితే గాలి తగిలిన పక్క ముందు ఆరి, ముందు ముడుచుకుంటుంది. రెండో పక్క దానితో పోటీ పడలేదు. లోపల కంటికి కనపడని బీట పడుతుంది. అందుకని కుమ్మరివాళ్లు పచ్చికుండ మీద తడి గోనె కప్పి, రోజుకు జానెడు చొప్పున తొలగిస్తారు. కుళ్లాయమ్మ మా నాజిల్‌కూ అదే చేసింది. వేరుశెనక్కాయల గోనెపట్ట ఒకటి తెచ్చి, తడిపి, పిండి, కప్పింది.

"ఏమ్మా, బిడ్డను పండబెట్టినావా?" అనేవాడు నబీసాబ్.

"గలాట చేయొద్దు నబీ అన్నా, లేస్తే నువ్వే ఎత్తుకోవాల."

ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. ఆ గదిలో అంత హాయిగా పని జరిగిన రోజులు మళ్లీ రాలేదు.

వాళ్లమ్మకు జ్వరమని ఏప్రిల్ 22న ఊరికి పోవడానికి సెలవు పెట్టి, ముందు రోజు సాయంత్రం గోనె బాగా తడిపి కప్పి, నాకు ఒకే మాట అప్పజెప్పింది. గోనె కదిలించవద్దని. సరేనన్నాను. పనికి డబ్బిచ్చే కమిటీ వాళ్లు ఆ రోజు మిషను చూస్తారు. మళ్లీ మే నెలలో వచ్చి కాల్చిన నాజిల్ చూస్తారు. అది బాగుంటే పని కొనసాగుతుంది, కుళ్లాయమ్మ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఆమెకు అదొక్కటే కావాలి.

పొద్దున తొమ్మిదికి ల్యాబు తలుపు తీశాను. గోనె నుంచి నీళ్లు బల్ల మీదికి కారుతున్నాయి. శెనక్కాయల వాసన, మన్ను వాసన. నాకు సిగ్గేసింది. పట్నం నుంచి పెద్ద చదువుల వాళ్లు వస్తుంటే ఇదేం దరిద్రం అనుకున్నాను. గోనె తీసి బీరువా వెనక వేశాను. బల్ల తుడిచాను. నాజిల్‌ను తెల్ల కాగితం మీద అందంగా నిలబెట్టాను. వాళ్లకు ఉక్కపోస్తుందని ఫ్యాను వేశాను. ఒక గంటలో మళ్లీ కప్పేద్దామనుకున్నాను. వాళ్లు నాలుగింటిదాకా కదల్లేదు. గోనె కుళ్లాయమ్మే తీసి పోయిందనుకున్నారేమో, ప్రొఫెసరు గారు దాని సంగతి ఎత్తలేదు. వాళ్ల ముందు ఆ గోనె బయటికి తీయడానికి నాకు చేయి రాలేదు.

సిగ్గు ఒక్కటేనా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నేను డిప్లొమా చదివినవాణ్ని. పాతికేళ్లు థర్మామీటర్లు, గేజీలు చూసినవాణ్ని. ప్రొఫెసరు గారు మాత్రం "ముందు కుళ్లాయమ్మ చెంప ఏమంటుందో అడగండి" అనేవారు. వేళాకోళంగా అనేవారు. నేను కూడా నవ్వేవాణ్ని. ఆ నవ్వు కింద ఏముండేదో, గోనె తీసిన చేతికి తెలిసి ఉంటుంది. అది అసూయే. చిన్నదే కావచ్చు, కానీ అసూయే.

వాళ్లు వెళ్లగానే గోనె తడిపి కప్పేశాను. నాజిల్ పైకి నున్నగా, చక్కగా ఉంది. ఐదున్నరకు కుళ్లాయమ్మ బస్సు దిగి నేరుగా ల్యాబుకే వచ్చింది. చెప్పులు బయట విడిచి, గోనె ఎత్తి, నాజిల్‌ను చెంపకు ఆనించుకుంది. పలక తిప్పి మళ్లీ ఆనించుకుంది.

"సారూ, గోనెపట్ట తీసినారా?"

"లేదమ్మా."

"ఈ పక్క చల్లగుండాది, ఆ పక్క లేదు. గాలి తగిలినట్టుండాది."

"గాలి యాడిది? పొద్దున్నుంచి నేను ఈడనే ఉంటిని కదా."

"మనసొప్పుతాలేదు సారూ. ముద్ద మిగిలుండాది. ఇంగొకటి చేద్దాం. మే నెలకు అందుతాది."

"బాగున్నదాన్ని పారేస్తారా ఎవరన్నా? నీ మనసంతా మీ అమ్మ జ్వరం మీద ఉండాది, పో."

ఆమె నవ్వింది. "మీరుంటే ఇంగేమి సారూ. నాదే చాదస్తం" అంది.

గోనె తీయడం తప్పు. కానీ దిద్దుకోగల తప్పు. అవునమ్మా, తీశాను అని ఉంటే ఇంకో నాజిల్ చేసేవాళ్లం. సమయం ఉంది, ముద్ద ఉంది, చేసే మనిషి నా ఎదుటే ఉంది. ఎందుకు తీశారని ప్రొఫెసరు గారు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను.

ఆరడం పూర్తయ్యాక ఫర్నేసులో పెట్టాం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున, నిష్ఠగా వేడి పెంచాను. పంచపాత్ర పట్టుకున్న పురోహితుడికి కూడా అంత నిష్ఠ ఉండదు. ఏం లాభం? కమిటీ రావడానికి ఒక రోజు ముందు తలుపు తెరిచాం. నాజిల్ రెండు ముక్కలై ఉంది. ఫ్యాను వైపున్న పక్క నుంచే చీలింది.

ప్రొఫెసరు గారు రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు. తర్వాత "తప్పు ఎక్కడ జరిగింది?" అన్నారు. ఎవరినీ చూసి అడగలేదు. నేను నోరు తెరవబోయే ఉంటానని అనుకుంటాను. నాకంటే ముందు కుళ్లాయమ్మ అంది. "ముద్ద నాది సార్. నీళ్లు ఎక్కువ పోసినానేమో." తన చెంప చెప్పింది నమ్మకుండా నన్ను నమ్మిన మనిషి, ఇప్పుడు తన చేతుల్నే తప్పు పట్టుకుంటోంది. నేను మూసిన నోరు మూసినట్టే ఉంచాను. సాయంత్రం ప్రొఫెసరు గారు ఆమెను పిలిచి, మెత్తగానే, రేపటి నుంచి రానక్కర్లేదని చెప్పారు. కమిటీకి ఆ ముక్కలే చూపించారు. పని ఆగిపోయింది.

రిటైరయ్యాక ఒకసారి తాడిపత్రి వెళ్లాను. కుళ్లాయమ్మ అక్కడ బండల పాలిష్ షెడ్డులో పనిచేసిందని విన్నాను. అక్కడి వాళ్లు, ఆ కుటుంబం ఎటో వెళ్లిపోయి చాలాకాలమైందన్నారు. ఎటు వెళ్లారో ఇంకో నలుగుర్ని అడిగితే తెలిసేదే. అడగలేదు. తిరుగు బస్సులో నా ఒళ్లు తేలికపడింది. ఆ తేలికను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఇంతవరకు సులువుగానే రాశాను. చెప్పలేక దాటేస్తూ వచ్చింది, ఆమెను రానక్కర్లేదన్న మర్నాటి పొద్దుట సంగతి.

ఆ రోజు తొమ్మిదికి ఆమె బీరువా తాళం ఇచ్చిపోదామని వచ్చింది. నబీసాబ్ ఏదో అనబోయి, టీ తెస్తానని బయటికి పోయాడు. ఆమె నా బల్ల దగ్గర నిలబడి, నోటుపుస్తకంలో కాగితం చింపి నా ముందు పెట్టింది.

"తప్పు యాడ జరిగినాదో రాసియ్యండి సారూ. మళ్లీ ఎప్పుడన్నా మన్ను ముట్టుకుంటే ఆ తప్పు చేయకూడదు కదా."

కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. పెన్ను మూత తీశాను. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా, రెండు వాక్యాలు రాశాను. ముద్దలో నీళ్లు ఎక్కువైనవి. ఆరినదీ లేనిదీ ఒంటికి ఆనించి చూసి నమ్మరాదు.

ఆమె పెదాలు కదుపుతూ చదువుకుంది. కాగితాన్ని కళ్లకద్దుకొని, నాలుగు మడతలు పెట్టి, పర్సులో దాచుకుంది. "పోయొస్తా సారూ, ఆరోగ్యం చూసుకోండి" అంది. కిటికీలోంచి చూశాను. గేటు దాటేముందు ఆగింది. కుడి చేతిని చెంపకు ఆనించుకుంది. వెంటనే తీసేసి, చీరకు తుడుచుకుంది.

ఆ కాగితంలోని రెండు వాక్యాలూ అబద్ధం. కుళ్లాయమ్మ ముద్దలో తప్పు లేదు. ఆమె చెంప చెప్పిందే నిజం. గోనె తీసింది నేను.