నాలుగు నిమిషాల తేడా

బండారులంకలో సీమోను డిష్ బిగించని వీధి లేదు. అమలాపురంలో రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని, ఇరవై ఏళ్ళుగా ఇదే వృత్తిలో ఉన్నాడు. నిచ్చెన దిగుతూ ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెబుతాడు: "మళ్ళీ దీన్ని ముట్టుకోనక్కర్లేదండి." ఆ మాట మీదే అతనికి పేరొచ్చింది.

అందుకే బుజ్జమ్మ పది రోజులుగా ఫోన్ చేస్తున్నా వెళ్ళలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి టీవీలో బొమ్మ ముక్కలై ఆగిపోతోందట. ఎనిమిదేళ్ళ కిందట తను బిగించిన డిష్ అది. పొద్దున బాగున్నది మధ్యాహ్నానికి ఎందుకు పోతుంది? "పైనుంచే సరిగ్గా రావట్లేదండి," అని తప్పించుకున్నాడు.

పదకొండో రోజు వెళ్ళక తప్పలేదు. బుజ్జమ్మ రాట్నం ముందు కూర్చుని భర్త మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. టీవీ నడుస్తుంటేనే ఆవిడ చెయ్యి నడుస్తుంది. కొబ్బరికాయల దింపుకి వచ్చిన వీరబాబు అరుగు మీద మజ్జిగ తాగుతున్నాడు.

"పైన తేడా అన్నారు కదా, మా మనవరాల్ని అడిగేనండి," అంది బుజ్జమ్మ. "బొమ్మలు పంపే ఆ ఉపగ్రహం భూమి చుట్టూ తిరిగి రావడానికి ఇరవైమూడు గంటల యాభై ఆరు నిమిషాలంట. రోజుకి నాలుగు నిమిషాలు తక్కువ. పది రోజులకి నలభై. తేడా రాదేటండీ మరి?"

సీమోనుకి నవ్వొచ్చింది. "భూమి తన చుట్టూ తను ఒకసారి తిరగడానికీ సరిగ్గా అంతేనండి. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ కాస్త జరుగుద్ది కదా, మళ్ళీ సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకో నాలుగు నిమిషాలు. మన గడియారం సూర్యుడి లెక్కండి. రెండు బళ్ళ మీద ఇద్దరు పక్కపక్కనే ఒకే జోరున పోతుంటే, ఒకళ్ళకొకళ్ళు కదలనట్టే ఉంటారు చూడండి..."

"అలా కబుర్లాడుకుంటా పోబట్టేనండి, మొన్న ముత్యాలరాజుగారబ్బాయి కాలవలో పడ్డాడు," అన్నాడు వీరబాబు.

"అది ముప్ఫైఆరు వేల కిలోమీటర్ల పైనుంది వీరబాబూ. అక్కడ కాలవల్లేవు."

మూడయింది. సముద్రపు గాలి లేచింది. సీమోను డాబా ఎక్కి, డిష్ చూసే దిక్కుకే తలెత్తి చూశాడు. దక్షిణపు గోడ పక్కన కొబ్బరిచెట్టు. దాని మట్ట ఒకటి గాలికి వంగి అడ్డొచ్చింది, లేచింది, మళ్ళీ వచ్చింది. అది వచ్చినప్పుడల్లా కింద టీవీలో మాట తెగిపోతోంది.

డిష్ పెట్టిన రోజున అది నడుమెత్తు మొక్క. దాని పక్కనే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కోనసీమలో పుట్టి కూడా అది ఎదుగుతుందన్న సంగతి తోచలేదు.

"ఏఁవైందండీ?" కింద నుంచి బుజ్జమ్మ అడిగింది.

"చెట్టు అడ్డమొస్తోందండి."

"మట్టలు కొట్టేస్తే సరి."

"ఇది కొడితే పై నెలకి ఇంకోటొస్తదండి," అన్నాడు వీరబాబు. "కొడితే చెట్టే కొట్టాలి. గొడ్డలి తెమ్మంటారా?"

బుజ్జమ్మ చెట్టు వంక చూసింది. ఈ ఏడే తొలి కాపు. "ఏం చేస్తాం? కండెల్లేక ఆయన మగ్గం ఆగిపోతోంది. తీసుకురా," అంది.

సీమోను ఊరుకుంటే సరిపోయేది. తప్పు చెట్టుదయ్యేది, పేరు తనకి మిగిలేది. వీరబాబు గుమ్మం దాకా నడిచాడు.

"ఆగు వీరబాబూ. చెట్టు తప్పేం లేదు. డిష్షే పెట్టకూడని చోట పెట్టేను."

"మీరేనా అనేది!" అంది బుజ్జమ్మ.

"ఆయ్, నేనేనండి. మొక్కని చూసి కూడా అక్కడే పెట్టేను. పైన తేడా అన్నది కూడా అబద్ధమేనండి."

"అయితే ఇన్నాళ్ళూ నా చేత ఉపగ్రహాన్ని తిట్టించేరా!" అని ఆవిడ పకపకా నవ్వింది. వీరబాబు మాత్రం వదల్లేదు. "రేపు దింపుకి వెళ్ళిన ప్రతి ఇంట్లో చెప్పేస్తానండి."

"చెప్పు," అన్నాడు సీమోను.

డిష్ విప్పి పడమటి మూలకి మార్చి బిగించేసరికి గంట పట్టింది. గాలి వీస్తూనే ఉంది, బొమ్మ మాత్రం తెగకుండా వస్తోంది. రాట్నం చప్పుడు మొదలైంది.

"ఇలా ఇంకెన్ని ఇళ్ళలో పెట్టేరండీ?" బుజ్జమ్మ చుడుతూనే అడిగింది.

సీమోను నిచ్చెన భుజాన వేసుకుని వీధి చివర అనిత టీచరుగారింటికి నడిచాడు. ఆవిడ ఇంకా ఫోన్ చెయ్యలేదు. వాళ్ళ డిష్ బిగించిన రోజున వంటింటి పక్కన కూడా ఓ కొబ్బరిమొక్క చూసినట్టు గుర్తు.