మా మామ ముంచిన పడవ

మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను నీళ్ల మీదే ఉన్నాను. పెనుబల్లి దగ్గరి ప్రాజెక్టులో షికారు పడవ నడపడం నా ఉద్యోగం. తొమ్మిదిమందిని ఎక్కించుకుని సగం దూరం వెళ్లానో లేదో ఫోను మోగింది. అత్త. "బిడ్డా, మీ మామ ఇగ లేడు. అన్నం తిని ఒరిగిండు, మల్ల లేవలే," అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, ఇంకా నమ్మకం కుదరని మనిషి గొంతు అది. నేనూ అప్పుడు ఏడవలేదు. పడవ తిప్పి అందరినీ ఒడ్డుకు చేర్చాను. లైఫ్‌జాకెట్లు విప్పించి కొక్కేలకు తగిలించాను. ఆ తర్వాతే మెట్ల మీద కూలబడి బావురుమన్నాను. ఆ వరస నేర్పింది కూడా ఆయనే.

మామ అంటే మా అమ్మకు అన్న. ములకలపల్లిలో ఆయిల్ ఇంజన్లు, నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. దుకాణం వెనక రేకుల కింద పడవలు కట్టేవాడు. నది లేని ఊళ్లో పడవలేమిటని నవ్వనివాడు పాపాత్ముడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ మాత్రం భద్రాచలానికి దిగువన, గోదావరి ఒడ్డున. "ఊరు మారింది గని చెయ్యి మారలే," అనేవాడు.

ఎవరి మాటా ఊరికే నమ్మేవాడు కాదు. ఒకసారి ఖమ్మంలో చేతిగడియారం కొనబోయాడు. నీళ్లలో పడ్డా ఏమీ కాదన్నాడు దుకాణదారు. "గట్లనా? ఏదీ, ఒక చెంబెడు నీళ్లు తే," అన్నాడు మామ. గడియారం ముంచాడు. అది ఆగింది, దుకాణదారు మొహం మాడింది, మామ మాత్రం పండగ చేసుకున్నట్టు ఇంటికొచ్చాడు. టార్చిలైటు, రెయిన్‌కోటు, చివరికి నా కాలేజీ బ్యాగు, ఇంట్లోకి వచ్చిన ప్రతిదీ ముందు బక్కెట్‌లో మునగాల్సిందే. "నన్ను గూడ గిట్లనే ముంచి చూసి చేసుకున్నవా ఏంది?" అని అత్త దెప్పేది. "నిన్ను ముంచేటోడు ఇంకా పుట్టలే," అని నవ్వేవాడు.

నాకు పోటీ పిచ్చి పట్టింది మూడేళ్ల కిందట. చిన్న మోటారు పడవల పందెం, పడవకు ఒక్కరే. పడవ కట్టిపెట్టమని మామ వెంట పడ్డాను. పోటీ నిబంధనల కాగితం తెచ్చి తెలుగులో చదివి వినిపించాను. ఇంజను గురించి, మలుపుల గురించి చెబుతుంటే ఊఁ కొడుతూ స్పానర్లు తుడుచుకుంటున్నాడు. ఒక్క నిబంధన దగ్గర చెయ్యి ఆగింది. పడవను అంచుల దాకా నీళ్లతో నింపాలి. ఇంజను బరువుతో, నడిపే మనిషితో సహా అది తేలుతూనే ఉండాలి. ఒరిగితే మళ్లీ లేవాలి, బోల్తా పడకూడదు, ఒక కొసే మునగకూడదు.

"మల్ల సదువు," అన్నాడు. మూడుసార్లు చదివించాడు.

"అది ఊరికే రాస్తరు మామా. జల్దీ ఇంజన్ సంగతి చూడు," అన్నాను. నాది ముందు నుంచీ దుడుకు నోరు.

"గెలుసుడు ఎనక. మునిగినంక ఏమైతదో ముందుగాల తెల్వాలె. గీ ఒక్కటి కుదరకపోతే నేను నిన్ను ఎక్కనియ్య. మీ అమ్మ చెప్పినా ఎక్కనియ్య."

ఎందుకంత పట్టుదలో అత్త చెప్పింది. నేను పుట్టకముందు మామకు ఒక తమ్ముడు ఉండేవాడట. నాటు పడవకు కొత్తగా మోటారు బిగించి గోదావరి దాటుతుంటే నీళ్లు ఎక్కాయి. వెనక మోటారు బరువుకు పడవ తోక మీద నిలబడి, నిలువునా దిగిపోయింది. ఒడ్డు మీద నుంచి మామ చూస్తూనే ఉన్నాడు. ఈదుకుంటూ వెళ్లేసరికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాతే ఆయన నది విడిచి ములకలపల్లి వచ్చాడు.

అది విన్నాక నోరు మూసుకున్నాను. ఒక రోజు మూసుకున్నాను, అంతే.

పడవ తేలడానికి మొదట థర్మోకోల్ అనుకున్నాం. మామ ఒక ముక్క పెట్రోల్ డబ్బాలో వేశాడు. చూస్తుండగానే కరిగిపోయింది. "ఇంజన్ పక్కన ఇదా పెట్టేది!" అని విసిరికొట్టాడు. నీళ్లు పీల్చని, పెట్రోలుకు కరగని ఫోము షీట్లు ఖమ్మం నుంచి తెప్పించాడు. వాటిని పడవ అడుగున, చెక్కల కింద దట్టంగా కూరాడు. నాటు పడవలో ఏ బలమైనా అడుగునే పెట్టడం వాళ్ల ఇంటి అలవాటు. నాకూ అదే సబబనిపించింది.

ఊరి చెరువులో ముంచి చూశాం. వెనక ఇంజనుకు బదులు అంత బరువున్న పాత పంపు కట్టాం. నేను కూర్చున్నాను. సగం ఊరు గట్టు మీదే ఉంది. "పడవ కట్టింది ముంచనీకేనా?" అని ఒకటే నవ్వులు. బిందెలతో నీళ్లు పోశారు. అంచుల దాకా నిండింది. మునగలేదు! నేను చెయ్యెత్తి అరిచానో లేదో, బురదలో బర్రె దొర్లినట్టు పడవ ఒక్క పొర్లు పొర్లింది. నేను కింద, అది పైన. పైకొచ్చేసరికి ముక్కు నిండా చెరువు నీళ్లే.

పోటీ పదిహేను రోజుల్లో ఉంది. "తేలింది గద, ఇంకేం గావాలె!" అని మామ మీద ఎగిరాను. ఆయన మూడు రోజులు దుకాణం తెరవలేదు. మూడో రోజు అటక మీంచి ఏదో దించుకుని చెరువుకు పోయాడని అత్త పరుగున వచ్చింది. వెళ్లి చూస్తే ఏముంది, అరవై దాటిన మనిషి పొట్టకు జీలుగు బెండ్లు కట్టుకుని నీళ్లలో బోర్లా పడుకోవడం, బెండ్లు ఆయన్ను ఎల్లకిలా తిప్పేయడం. మళ్లీ బోర్లా, మళ్లీ ఎల్లకిలా. "ముసలోనికి పిచ్చి లేసిందే నా తల్లీ!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

ఆ బెండ్లు నావి. వ్యవసాయ బావిలో ఈత నేర్పేటప్పుడు ఆయన నా వీపుకు కట్టినవి. మా వైపు పిల్లలందరం అట్లా నేర్చుకున్నవాళ్లమే. బెండు ఎప్పుడూ వీపుకే కడతారు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

మామ నీళ్లోడుతూ గట్టెక్కాడు. కళ్లు మెరుస్తున్నాయి. "పొట్టకు కడ్తె పొర్లిస్తది, వీపుకు కడ్తె మోస్తది. మనం పడవకు పొట్టకు కట్టినం బిడ్డా!"

ఆ సాయంత్రమే అడుగు చెక్కలు పీకాం. ఫోమంతా తీసి పైకి, రెండు పక్కలా అంచుల కిందికి ఎక్కించాం. ఇంజనుకు అటూ ఇటూ ఇంకాస్త ఎక్కువ పెట్టాం. మళ్లీ చెరువులో ముంచాం. ఈసారి పడవ కదలకుండా నిలబడింది. గట్టు మీద నవ్వు వినబడలేదు.

పోటీ ముందురోజు పరీక్ష. కాగితాల అట్ట పట్టుకుని ఒక సారు వచ్చాడు. మా ముందున్న పడవలో నీళ్లు నింపగానే తోక దించేసింది. మామ మొహం తిప్పుకున్నాడు. మా వంతు వచ్చింది. నీళ్లు నింపారు. నేను నడుము దాకా నీళ్లలో బిగుసుకుని కూర్చున్నాను. సారు కాలితో అంచును గట్టిగా తొక్కాడు. పడవ ఒరిగింది, లేచింది. అవతలి అంచు తొక్కాడు. అదే తంతు.

"ఎవరి డిజైనిది?" అన్నాడు సారు.

మామ సంచిలోంచి పాత బెండు తీసి చేతిలో పెట్టాడు. సారుకు అర్థం కాలేదు. "ఫోము నీళ్లు పీల్చదని రుజువేంటి?" అని మళ్లీ అడిగాడు. మామ అదే సంచిలోంచి ఒక ఫోము ముక్క తీసి కత్తితో రెండు చేశాడు. "పది దినాలు బక్కెట్ల రాయి కింద పెట్టిన సారూ. ముట్టి చూడుండ్రి." లోపల పొడిగా ఉంది. సారు నవ్వి సంతకం పెట్టాడు. మామ ఆ కాగితాన్ని మాత్రం ముంచలేదు.

మర్నాడు పందెంలో చివరి చుట్టు దాకా నేను రెండో స్థానం. ఆశ పుట్టి మలుపు ఇరుకుగా కోశాను. పక్క పడవ లేపిన అల ఎగిరి నా ఒళ్లో పడింది. క్షణంలో పడవ నిండింది, ఇంజను ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఎక్కడ కూర్చున్నానో అక్కడే ఉన్నాను. నడుము దాకా నీళ్లు, చేతిలో స్టీరింగు, కింద నా పడవ, బల్లపరుపుగా!

ఒడ్డు మీద కేక పుట్టింది. "తేలింది! తేలిందిరో!" తువ్వాలు గాల్లోకి విసురుతూ మామ. గెలిచినవాడి చుట్టూ పదిమంది ఉంటే మా మామ చుట్టూ వందమంది చేరారు. అంతమందిలో అత్తను ఎత్తి తిప్పాడు! అత్త తిట్లు నాకు నీళ్ల మీదికి వినిపించాయి. ఓడిపోయి అంత గర్వపడింది నేను ఆ రోజే.

నన్ను ఒడ్డుకు లాక్కొచ్చాక మామ నా తల తుడుస్తూ మెల్లగా అన్నాడు. "గిట్లుంటే మా తమ్ముడు గూడ గిట్లనే కూసునేటోడు. నేను ఈదుకుంట పోయేదాక కూసునేటోడు."

మరుసటేడు నేను గెలిచాను. కప్పు తెచ్చి చేతిలో పెడితే, "పడవల నీళ్లెక్కినయా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఇగ చూసేదేముంది," అని కప్పును బక్కెట్‌లో ముంచాడు. నాకు బతకడం నేర్పిన మనిషాయన. ఈ మాట ఆయన ఉండగా అనలేదు. అన్నా నమ్మేవాడు కాదు, ముంచి చూపించమనేవాడు.

పెద్దకర్మ ముందు రెండు రోజులు ఎడతెగని వాన. తెరిపిచ్చాక అత్తా నేనూ చెరువుకు వెళ్లాం. పందెం పడవ గట్టుకు కట్టేసి ఉంది. నీళ్లు తోడే మనిషి లేడు కదా, అంచుల దాకా వాననీళ్లు నిండి ఉన్నాయి. తోడదామని నేను డబ్బా అందుకున్నాను.

"ఉండనియ్ బిడ్డా," అంది అత్త. ఇన్నాళ్లూ పడవలను తిట్టడమే తప్ప ఒక్కసారీ ముట్టుకోని మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, గట్టు అంచుకు దిగి, కాలితో పడవను బలంగా తొక్కింది. పడవ ఒరిగింది, లేచింది. మళ్లీ తొక్కింది. కళ్ల నీళ్లు కారుతుంటే మళ్లీ మళ్లీ తొక్కింది. నిండా నీళ్లు మోస్తూనే, తొక్కినప్పుడల్లా అది సమంగా లేచి నిలబడింది.